ఎదురుగా తొంభై తొమ్మిది

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేటకు దిగే రోడ్డులో మందుల షాపుకీ టైలర్ షాపుకీ మధ్య ఒక షట్టర్ ఉంది. రెండున్నరేళ్లు అది మా పిజ్జా షాపు. ముందు నాలుగు టేబుళ్లు, వెనక వంటగది, వంటగదిలో మా ఆయన. కౌంటర్ దగ్గర నేను. స్కూలు వదిలాక మా పాప కూడా అక్కడే ఉండేది. ఫ్రిజ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అక్షరాలు దిద్దుతూనో, దిద్దుతూ దిద్దుతూ నిద్రపోయో.

పోయిన వేసవిలో రోడ్డుకి అవతల, మాకు సరిగ్గా ఎదురుగా, ఊరూరా బ్రాంచీలున్న పెద్ద పిజ్జా కంపెనీ వాళ్లు ఒక కొత్త బ్రాంచి తెరిచారు. తెరిచిన రోజు పొద్దున్నే మనిషి ఎత్తు అంకెలతో బ్యానర్ కట్టారు. పిజ్జా తొంభై తొమ్మిది రూపాయలు. మా దగ్గర అన్నిటికంటే చిన్నది నూట ఎనభై.

మా ఆయన చేతికంటిన పిండి తుడుచుకుంటూ బయటికొచ్చి ఆ బ్యానర్ వైపు చాలాసేపు చూశాడు.

"మంచిదేలే," అన్నాడు. "ఈ వీధికి పిజ్జా అలవాటు చేస్తారు. అలవాటైన వాళ్లు మంచిది ఎక్కడుందా అని వెతుక్కుంటారు. అప్పుడు మన దగ్గరికే వస్తారు."

ఆయన స్వభావమే అంత. వర్షం పడితే చల్లబడింది అంటాడు, కరెంటు పోతే కాసేపు కూర్చోవచ్చు అంటాడు. నేను ఆయనకి పూర్తిగా తిరగేసిన మనిషిని. పాపకి తుమ్ము వస్తే జ్వరం దాకా వెళ్లిపోతాను. ఆ బ్యానర్ చూడగానే మా అద్దె అగ్రిమెంటు గుర్తొచ్చింది. దసరా దాటిన నెలాఖరుకి అది అయిపోతుంది. ఆలోపు ఆ షట్టర్ ఉంచుకుంటామో వదులుకుంటామో చెప్పాలి. వేసవి నుంచి దసరా దాకా మా ఇంట్లో వేరే మాట లేదు. కూర ఏం చేయాలన్న మాట కూడా చివరికి అక్కడికే చేరేది.

పెద్ద పేరున్న షాపంటే ఖరీదు, వీధిలో షాపంటే చవక అని మనందరికీ ఒక నమ్మకం. చొక్కాకైనా, చెప్పులకైనా, కాఫీకైనా అంతే. పిజ్జా దగ్గర అది తిరగబడింది. వాళ్లకి చీజ్ లారీల్లో వస్తుంది. పిండి ఎక్కడో ఫ్యాక్టరీలో కలిపి, ముద్దలు చేసి, గడ్డకట్టించి పంపిస్తారు. మేం చీజ్‌ని హోల్‌సేల్ షాపులో కిలోల లెక్కన కొనేవాళ్లం. పిండి మా ఆయన ముందు రోజే కలిపి ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచేవాడు. అలా ఉంచితేనే అంచు పొంగుతుంది, తిన్నాక కడుపులో బరువుండదు. ఇదంతా కౌంటర్ దగ్గర నిలబడి ఎవరికి చెప్పను? వాళ్ల తొంభై తొమ్మిది రూపాయల పిజ్జా నా అరచేతి కంటే కొంచెం పెద్దది. మా నూట ఎనభైది పెద్ద పళ్లెమంత. కానీ బ్యానర్ మీద అంకె ఉంటుంది, సైజు ఉండదు.

"ఆంటీ, నైంటీ నైన్ పిజ్జా ఉందా?" అని అడిగేవాళ్లు కాలేజీ పిల్లలు. నాకు ఇంకా ముప్పై నిండలేదు.

"లేదు బాబూ. నూట ఎనభై నుంచి ఉన్నాయి."

"ఎదురుగా ఉందిగా ఆంటీ."

"అయితే ఎదురుగా వెళ్లు నాన్నా. రోడ్డు దాటేటప్పుడు చూసుకో."

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. శ్రీనగర్ కాలనీ నుంచి కారులో వచ్చిన ఒకావిడ మెనూ అంతా చదివి, చుట్టూ చూసి, "మీకు ఏసీ కూడా లేదు కదండీ, ఖర్చేముంటుంది? అంత పెద్ద షాపు వాళ్లే అంత తక్కువకి ఇస్తుంటే!" అన్నప్పుడు మాత్రం ఆవిడ చేతిలోంచి మెనూ తీసుకుని నీళ్ల గ్లాసు ఇచ్చాను. ఆవిడ నీళ్లు తాగి వెళ్లిపోయింది.

అదే రోడ్డు పట్టుకుని పైకెక్కి జూబ్లీహిల్స్ వైపు వెళ్తే ఇంకో రకం షాపులున్నాయి. అవీ ఊరూరా బ్రాంచీలున్నవి కావు, ఎవరో ఒకరు సొంతంగా పెట్టుకున్నవే. లోపల మసక వెలుతురు, కట్టెల పొయ్యి, గోడకి ఎండిన తీగలు. ఒక పిజ్జా ఎనిమిది వందలు. అక్కడ ఎవరూ ఎందుకంత అని అడగరు. మా ఆయన పెళ్లికి ముందు నుంచీ ఆరేళ్లు అలాంటి వంటగదిలోనే పనిచేశాడు. అక్కడే నేర్చుకున్నాడు. ఆ చేతులే, ఆ పిండే. కొండ మీద ఎనిమిది వందలు తక్కువ, కొండ కింద నూట ఎనభై ఎక్కువ. ఆ మాట నేనొకసారి అంటే ఆయన నవ్వి, "అక్కడ చీకటికి కూడా డబ్బు తీసుకుంటారే," అన్నాడు.

మా షట్టర్ ఉన్న బిల్డింగు ఓనరమ్మ పైఅంతస్తులోనే ఉంటుంది. షేక్‌పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు ఇక్కడంతా వాళ్ల బర్రెలు మేసేవట. సాయంత్రం కిందికి దిగి మా షాపులో ఒక కుర్చీ లాక్కుని కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూసేది. పిజ్జా ఎప్పుడు పెట్టినా ఒక ముక్క తిని, "రొట్టె మీద టమాట పచ్చడి పూసి గింత రేటా?" అని, ఇంకో ముక్క తీసుకునేది.

ఆగస్టులో ఒకరోజు అలాగే కూర్చుని ఎదురుగా చూస్తూ అంది.

"ఏందమ్మా, గాడ గంత మంది లైన్ గట్టిన్రు. గీడ ఈగలు గూడ వస్తలేవు."

"ఈగలు రాకపోవడమే మంచిదమ్మా, శుభ్రంగా ఉందని అర్థం," అన్నాడు లోపల నుంచి మా ఆయన.

"నీ నోటికేం తక్కువ లేదు," అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "చూడు బిడ్డా. బిర్యానీ హోటలతను వచ్చి పోయిండు. ఎక్కువ కిరాయి ఇస్తనంటుండు. మీరుంటె నాకు ఖుషీనే. నీ బిడ్డ గిట్ల అటూ ఇటూ ఉరుకుతుంటె నా పాణం లేసొస్తది. గని నా ఇల్లు గూడ నడవాలె గద. దసరా లోపల జర సాఫ్ సాఫ్ చెప్పున్రి."

సరేనన్నాను. ఆమె మెట్లెక్కి వెళ్లిపోయాక మా ఆయన బయటికొచ్చి, "ఏం భయపడకు, సినిమా వాళ్లున్నారు," అన్నాడు.

అవును, మమ్మల్ని నిలబెట్టింది సినిమా వాళ్లే. తినడానికి వచ్చేవాళ్ల మీద మేం బతకలేదు.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్లుంటాయి, బొజ్జ, నెత్తిన టోపీ. కృష్ణా జిల్లా వైపు మనిషి. సినిమాలో ఇల్లు చూపిస్తే ఆ ఇంట్లో కనపడే చెంచా దగ్గర్నుంచి క్యాలెండరు దాకా సమకూర్చే పని ఆయనది. మేం షాపు పెట్టిన కొత్తలో ఒకరోజు వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఇరవై పిజ్జాలు కావాలి. ఉప్పు లేకపోయినా పర్లేదు. చీజ్ మాత్రం సాగాలి. హీరో ముక్క లాగితే మూరెడు రావాలి."

సినిమాలో ఒక మనిషి ఒక ముక్క పిజ్జా తినాలంటే ఇరవై పిజ్జాలు కావాలని అప్పుడే తెలిసింది. టేకు టేకుకీ కొత్తది పెట్టాలి. కొరికింది మళ్లీ కొరికితే కుదరదు. పైగా హీరోలు, హీరోయిన్లు డైటింగులో ఉంటారు కాబట్టి కొరికి, నమిలినట్టు చేసి, కట్ అనగానే ఉమ్మేస్తారట. "నా పిజ్జా ఉమ్మించుకోవడానికి పుట్టింది," అనేవాడు మా ఆయన, కానీ మురిసిపోతూనే అనేవాడు. చీజ్ సాగడం కోసం రెండు రకాలు కలిపి రోజుల తరబడి ప్రయత్నాలు చేశాడు. నిజంగానే మూరెడు సాగేది. ఆ ఆర్ట్ ఆయన నెలకి రెండు మూడుసార్లు వచ్చేవాడు. ఆయన చెప్పగా ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. ధర ఎప్పుడూ అడగలేదు. మంచి సరుకు విలువ తెలిసిన వాళ్లు కాబట్టే బేరమాడటం లేదని మేం అనుకున్నాం. ఎదురుగా అంత చవకగా దొరుకుతున్నా రోడ్డు ఇవతలికే వస్తున్నారంటే మా చీజ్ కోసమేనని అనుకున్నాం. ఎవరికి చెప్పినా అదే చెప్పుకున్నాం.

మా అట్టపెట్టెలు తెల్లవి. బేగంబజార్‌లో దొరికే మామూలు తెల్ల డబ్బాలు, పైన ఏమీ ఉండదు. పేరు వేయించడానికి మొదట్లో చేతిలో డబ్బు లేక అలా మొదలుపెట్టాం, అలాగే ఉండిపోయాయి.

సెప్టెంబరులో మా ఆయనకి ఆ డబ్బాల మీద పడింది దృష్టి.

"వాళ్ల డబ్బా చూడు. బైకు వెనక పెట్టుకుని పోతుంటే వాళ్ల బోర్డే ఊరంతా తిరుగుతున్నట్టుంటుంది. మనది చేతిలో పట్టుకుపోతే చెప్పులు కొనుక్కుపోతున్నాడనుకుంటారు."

నాకూ అది సబబుగానే తోచింది. మాకు మంచి పిజ్జా ఉంది, పేరే లేదు. పేరు తెలిస్తే జనం వస్తారు. బేగంబజార్ షాపతను మా దగ్గర మిగిలిన తెల్ల డబ్బాలు వెనక్కి తీసుకుని, ఎక్కువ మొత్తంలో తీసుకుంటే అచ్చు కూలి తగ్గిస్తానన్నాడు. ఎర్ర డబ్బా, పైన పసుపు అక్షరాలతో షాపు పేరు. షాపు పేరంటే మా పాప పేరే. షాపు పెట్టినప్పుడు దానికి రెండున్నరేళ్లు. ఇప్పుడు యూకేజీ.

డబ్బాల కట్టలు వచ్చిన రోజు పాప స్కూలు నుంచి రాగానే వాటి ముందు కూర్చుంది. అప్పుడప్పుడే అక్షరాలు కలిపి చదవడం వస్తోంది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని చదివి, తలెత్తింది.

"అమ్మా, ఇది నేను."

"అవును, నువ్వే."

రెండో డబ్బా తీసింది. "ఇదీ నేనే!" మూడోది తీసింది. అలా ఒక కట్ట అంతా చదివింది. మా ఆయన దాన్ని ఎత్తుకుని వంటగదిలోకి తీసుకెళ్లి పిండి రాసిన చేతులతో బుగ్గలు నిమిరాడు. ఆ సాయంత్రం ఆ రెండున్నరేళ్లలో మంచి సాయంత్రాల్లో ఒకటి.

అదే వారంలో పాప క్లాసులో ఒకబ్బాయి పుట్టినరోజు. ఎదురు షాపులోనే చేశారు. పిల్లల కోసం అక్కడ ఒక మూల బెలూన్లు కట్టి, కాగితం కిరీటాలు పెడతారు. రోడ్డు దాటించి తీసుకెళ్లాను. లోపల చల్లగా ఉంది. ఇన్నాళ్లూ బయటనుంచే చూసిన ఆ గాజు తలుపు వెనక నిలబడి మా షాపు వైపు చూశాను. మా ఆయన కౌంటర్ దగ్గర ఖాళీగా నిలబడి ఉన్నాడు. అంత దూరం నుంచి ఎంత చిన్నగా కనిపించాడో.

పాప తన ముందు పెట్టిన చిన్న పిజ్జా మొత్తం తినేసింది. ఇంట్లో ఎప్పుడూ అంచులు వదిలేస్తుంది, అక్కడ అంచులతో సహా తింది. తర్వాత నా మెడ కిందికి లాగి చెవిలో చెప్పింది.

"అమ్మా, ఇది మన పిజ్జా కంటే బాగుంది." కొంచెం ఆగి, "నాన్నకి చెప్పొద్దు," అంది.

ఐదేళ్ల పిల్ల. దానికి అప్పుడే వాళ్ల నాన్నని కాపాడాలని తెలిసిపోయింది. రోడ్డు దాటి వచ్చేదాకా కిరీటం పెట్టుకునే ఉంది, మా షాపు మెట్టు ఎక్కేముందు తీసి బ్యాగులో పెట్టుకుంది. "ఎలా ఉందమ్మా వాళ్ల పిజ్జా?" అని మా ఆయన అడిగితే, "చిన్నది," అంది. ఆయన పకపకా నవ్వాడు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఆర్ట్ ఆయన ఫోన్ చేసి మర్నాటికి ముప్పై పిజ్జాలు చెప్పాడు. జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో షూటింగు. సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. ముప్పై అంటే మాకు పండగ. ఆ రోజు మా ఆయన పొద్దుటి నుంచి ఓవెన్ ముందే నిలబడ్డాడు. నేను ఎర్ర డబ్బాలు మడిచి వరసగా పేర్చాను, పేర్లన్నీ ఒకే వైపు కనపడేలా.

ఆయన వచ్చి డబ్బాల వైపు చూసి టోపీ తీశాడు.

"ఇదేంటి చెల్లెమ్మా?"

"కొత్త డబ్బాలన్నయ్యా. బాగున్నాయా?"

"బాగున్నాయి. తెల్లవి తియ్యి."

"తెల్లవి లేవు. వెనక్కి ఇచ్చేశాం."

ఆయన మెల్లగా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కొంప ముంచావు తల్లీ," అన్నాడు, కోపంగా కాదు, ఎవరో పోయారన్న వార్త విన్నట్టు.

మా ఆయన లోపల నుంచి వచ్చాడు. ఆర్ట్ ఆయన ఆయనకి చెప్పాడు. పోయిన షెడ్యూల్లో ఈ సీను సగం తీశారట. హీరో గుమ్మం దగ్గర తెల్ల డబ్బా అందుకున్నాడు. ఇవాళ తీసేది అదే డబ్బా తెచ్చి లోపల టేబుల్ మీద పెట్టి తినడం.

"గుమ్మంలో తెల్లది, హాల్లోకొచ్చేసరికి ఎర్రది అయితే జనం నవ్వరూ? అది పోనీ. కెమెరాలో షాపు పేరు పడిందంటే ప్రొడ్యూసర్ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఎవడిదా షాపు, ఎంతిచ్చాడు, ఎవడు తిన్నాడు అని. నా ఉద్యోగం పోద్ది మాస్టారూ."

"చీజ్ అదేనండీ," అన్నాడు మా ఆయన. "ఇంకా బాగా సాగుతుంది ఇప్పుడు."

"చీజ్ ఎవడు చూస్తాడు మాస్టారూ! లైటింగ్‌లో అన్ని చీజులూ ఒకటే. ఈ చుట్టుపక్కల పిజ్జా షాపులు లేకనా? ప్రతి డబ్బా మీదా పేరుంటది. మీ దగ్గరే పేరుండదు. అందుకేగా ఇంత దూరం వస్తున్నది."

ఆయనకి ఆ మాట మామూలు మాటే. మాకు ఎలా తగిలిందో ఆయన గమనించలేదు, గమనించే తీరిక కూడా లేదు. గడియారం చూసుకుంటున్నాడు. నేను పక్క షాపుకి పరుగెత్తి తెల్ల కాగితాలు, జిగురు తెచ్చాను. ముగ్గురం కూర్చుని డబ్బాల మీద కాగితాలు అంటించాం. వేడి డబ్బా మీద జిగురు నిలవలేదు, అంచులు లేచిపోయాయి. నూనె తగిలిన చోట కాగితం పలచబడి కింద ఎరుపు, ఎరుపులో పసుపు, పసుపులో మా పాప పేరు కనపడసాగింది. ఆర్ట్ ఆయన జేబులోంచి నల్ల టేపు తీసి పేరు మీద అడ్డంగా వేశాడు. వేసి, దూరంగా పెట్టి, ఒక కన్ను మూసి చూసి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడే పాప స్కూలు ఆటో దిగి లోపలికొచ్చింది. ఆ డబ్బాని, టేపుని చూసింది. ఏమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

షేక్‌పేటలో ఒక బేకరీ ఉంది. కేకులు తెల్ల డబ్బాల్లో పెట్టి ఇస్తారు. ఆర్ట్ ఆయన వాళ్లకి ఫోన్ చేశాడు. రొట్టె మీద కెచప్ పూసి చేసే వాళ్ల పిజ్జాలు కేకు డబ్బాల్లో పెట్టించుకుని వెళ్లాడు. మంచివాడే. మావి కూడా వదిలేయలేదు, యూనిట్ తింటుందని అవీ ఆటోలో పెట్టించుకున్నాడు. అలా మొదటిసారి సినిమా వాళ్లు మా పిజ్జా ఉమ్మకుండా తిన్నారు. చాలా బాగున్నాయని లైట్‌మెన్‌ల దగ్గర్నుంచి అందరూ అన్నారని ఆయనే తర్వాత చెప్పాడు.

మర్నాడే మా ఆయన బేగంబజార్ వెళ్లి మళ్లీ తెల్ల డబ్బాలు తెచ్చాడు. ఆర్ట్ ఆయనకి ఫోన్ చేశాడు. పని అక్కడితో అయిపోతుందని నేను కూడా అనుకున్నాను. డబ్బాలే కదా. ఫోన్ స్పీకర్లో పెట్టి విన్నాం.

"మాస్టారూ, ఎలా చెప్పాలో తెలీట్లేదు. నిన్న పిజ్జా సీను అవగానే తీసిన ఏడుపు సీను సింగిల్ టేకులో ఓకే అయింది. మూడు రోజుల్నుంచి కుదరంది. డైరెక్టర్ గారు ఆ బేకరీ డబ్బా కళ్లకద్దుకున్నారు. ఇక మన సినిమాలో పిజ్జా అంటే ఆ బేకరీదే, మార్చొద్దు అన్నారు. సెంటిమెంటు. పక్క కంపెనీలో ఆర్ట్ వాళ్లకి కూడా చెప్పేశారు. నేనేం చేయను చెప్పండి?"

మా ఆయన, "పర్లేదండీ, సినిమా హిట్టు కావాలి," అన్నాడు. ఫోన్ పెట్టేసి పిండి ముద్ద తీసుకుని చేయడం మొదలుపెట్టాడు, ఆర్డరేమీ లేకుండానే. గుండ్రంగా సాగదీసి, మళ్లీ ముద్ద చేసి, మళ్లీ సాగదీసి.

బాగా చేయనందుకు పోయినా ఇంత బాధ ఉండేది కాదేమో. బాగా చేస్తే చాలునని నమ్మి బతికిన మనిషి ఆయన. ఆయనకి ఇప్పుడు ఎవరు ఏం చెప్పాలి? ఎదురు షాపు వాళ్లు చవక కాబట్టి గెలిచారు. కొండ మీది వాళ్లు ఖరీదు కాబట్టి గెలిచారు. మమ్మల్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది మా డబ్బా మీద ఏమీ లేకపోవడం. పాప పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తూ కూడా నాకు ఇందులో ఎక్కడ తప్పటడుగు పడిందో తెలియడం లేదు. పిల్ల పేరు డబ్బా మీద వేసుకోవడం తప్పని ఎవరనగలరు?

ఆయన సిగ్గు వదిలి ఎదురు షాపులో కూడా పని అడిగాడు. అక్కడి మేనేజరు మర్యాదగానే మాట్లాడాడట. "మీలాంటి చెఫ్ మాకెందుకు సార్? పిండి ముద్దలు వస్తాయి, మిషన్‌లో పెడితే టైముకి బయటికొస్తుంది. ఇంటర్ పాసైన పిల్లలు చాలు." కొండ మీద తను పనిచేసిన చోట మనుషులు నిండుగా ఉన్నారు. నేను రెండు స్కూళ్లలో అడిగాను. డిగ్రీ ఉంది, బీఎడ్ లేదు. చూస్తామన్నారు.

ఓనరమ్మకి చెప్పే పని నా మీద పడింది. మా ఆయన, "నువ్వు చెప్తే బాగుంటుంది, ఆవిడకి నువ్వంటే ఇష్టం," అన్నాడు. మెట్లెక్కి వెళ్లేసరికి ఆమె వాకిట్లో పీట వేసుకుని గోంగూర తుంపుతోంది.

"రా బిడ్డా, కూసో. ముఖమేంది గట్లున్నది?"

"వదిలేస్తున్నామమ్మా."

ఆమె చేతులు ఆగాయి. "మంచిగ ఆలోచించిన్రా?"

"ఆలోచించడానికేం మిగల్లేదమ్మా."

"మీ ఆయనేడి? గాయినకు నోరు లేదా?" అని, వెంటనే తనే, "మొగోళ్లు గింతే. షాపు వెట్టేటప్పుడు ముంగట, ఇడిసేటప్పుడు ఎనక," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఆమె గోంగూర చేతులు చీరకి తుడుచుకుని నా తల దగ్గరికి తీసుకుంది. కాసేపటికి, "బిర్యానీ అతనికి చెప్త మరి. సోమవారం మేస్త్రీని తీసుకొని కొలతలకు వస్తడు. ఆదివారం దాక మీరే నడుపుకోండ్రి," అంది. అంత దగ్గరగా పట్టుకునే ఆ మాట చెప్పింది. చెప్పాల్సిందే కదా.

ఆదివారం నాటికి ఫ్రిజ్‌లో చీజ్ చాలా ఉంది. పిండి కూడా ఉంది. అలవాటు కొద్దీ శనివారం కూడా కలిపేశాడు. పారేయడం ఆయన వల్ల కాదు.

"అమ్మేద్దాం," అన్నాడు. ఒక అట్టముక్క మీద పెద్దగా రాసి బయట వేలాడదీశాడు. ఈ రోజు ఏ పిజ్జా అయినా తొంభై తొమ్మిది.

మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చారు. నాలుగింటికల్లా టేబుళ్లు నిండాయి. ఐదయ్యేసరికి మందుల షాపు దాకా లైను. ఆ షాపు ముందు అంతమందిని నేను ఎప్పుడూ చూడలేదు. ఎదురు షాపు ముందు నిలబడే డెలివరీ వాళ్లు కూడా హెల్మెట్లు చేత్తో పట్టుకుని ఇటు వచ్చి నిలబడ్డారు. పాప కుర్చీ ఎక్కి నాప్కిన్లు పంచుతోంది.

"ఆంటీ, ఇది ఆ తొంభై తొమ్మిది కంటే డబుల్ ఉంది!" అన్నాడు ఒక కాలేజీ కుర్రాడు.

"గింత మంచిగ చేస్తరని మాకు తెల్వనే తెల్వదు," అంది పిల్లవాడిని చంకనేసుకున్న ఒకావిడ. "రోజూ ఎదురుంగ కొనుక్కపోతున్నం. ఇన్ని దినాలు గీ రేటు ఎందుకు వెట్టలేదమ్మా?"

ఆ రేటుకి అమ్మితే చీజ్ ఖర్చు కూడా రాదని ఆమెకి చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? ఆమె తింటున్నది సంతోషంగా తింటోంది. నేను డబ్బాలు మడుస్తున్నాను, డబ్బులు తీసుకుంటున్నాను, చిల్లర ఇస్తున్నాను. ఎవరో ఒక ముక్క పైకి లాగితే చీజ్ మూరెడు సాగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఓహో అన్నారు. వంటగది కిటికీలోంచి మా ఆయన అది చూశాడు. చెమటతో తడిసిపోయి, ముఖమంతా పిండి, పెళ్లినాటి ముఖంలా వెలిగిపోతోంది.

కిటికీ దగ్గరికి పళ్లెం అందుకోవడానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నాడు.

"చూశావా? చూశావా? మళ్లీ ఒకసారి ఆలోచిద్దామా?"

నేను పళ్లెం అందుకుని వచ్చేశాను. ఆయనకి లెక్కలు రావని కాదు. నాకంటే బాగా వచ్చు.

చీకటి పడేసరికి పిండి అయిపోయింది. నేను బయటికి వెళ్లి, లైనులో ఇంకా నిలబడి ఉన్నవాళ్లకి అయిపోయిందని చెప్పి, వేలాడదీసిన అట్టముక్క తీసేశాను. కొందరు విసుక్కున్నారు. కొందరు రోడ్డు దాటి ఎదురుగా వెళ్లిపోయారు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఒకావిడ మాత్రం షట్టర్ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసి గట్టిగా అడిగింది.

"అన్నా, రేపెన్ని గంటలకు తీస్తరు?"

నేను నోరు తెరిచేలోపే లోపల నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"పదకొండుకల్లా తీసేస్తామండీ!"

ఆమె సరేనని తల ఊపి, పిల్లవాడిని తీసుకుని వెళ్లిపోయింది.